నాలుగో ప్రశ్నలో మనిషి

అల్తాయి కొండల అవతల చిన్న హాస్టలు బడి.
మార్చి నెల, లెక్కల పరీక్ష.
కిటికీ అద్దానికి లోపలివైపే మంచు పేరుకుంది.
సిరా కదలాలని పెన్నుని అరచేతుల్లో నలుపుతూ
నాలుగో ప్రశ్న చదువుతోంది సోయొల్మా:

నొర్బు ఇంటి నుంచి ఉత్తరంగా నాలుగు కిలోమీటర్లు నడిచాడు.
కుడికి తిరిగి మూడు.
మళ్ళీ కుడికి తిరిగి నాలుగు.
ఎడమకి తిరిగి రెండు నడిచి ఆగాడు.
ఇప్పుడతని ముఖం ఎటు ఉంది?

ప్రశ్న వాళ్ళ భాషలో ఉంది. చిక్కంతా అక్కడే.
తూర్పుకి మొహం పెట్టి నిలబడ్డ మన పెద్దవాళ్ళు
కుడిచేతి వైపుకే దక్షిణమని పేరు పెట్టారు కదా,
ప్రదక్షిణం చేస్తుంటే ఇప్పటికీ ఆ చెయ్యే దేవుడి వైపుంటుంది.
వీళ్ళ గెర్ గుడారానికి గుమ్మం దక్షిణాన.
గుమ్మంలోంచి బయటికి చూస్తే కుడిచెయ్యి పడమట.
అందుకని కుడికీ పడమరకీ కలిపి ఒకే మాట, బరూన్.
ఎడమకీ తూర్పుకీ జూన్.
గుర్రపు జీను బరూన్ గోడకి, పాలగిన్నెలు జూన్ గోడకి.
నువ్వెటు తిరిగి కూర్చున్నా
జీను బరూన్‌లోనే ఉంటుంది.

సోయొల్మా కళ్ళు మూసుకుని నొర్బుని నడిపించింది.
ఉత్తరంగా నాలుగు, మోకాలిదాకా మంచు.
బరూన్: పడమటికి మూడు.
మళ్ళీ బరూన్. ఇదేమిటి,
పడమటికి పోతున్నవాడు పడమటికి తిరగడమేమిటి?
బూటులో రాయి పడి ఆగాడేమో,
దులుపుకుని మళ్ళీ బయల్దేరాడేమో. సరే, నాలుగు.
జూన్: వెనక్కి, తూర్పుకి రెండు.
తూర్పు, అని రాసింది.

దులమ్‌సురెన్ టీచరు జవాబు కూడా తూర్పే.
నిండు మార్కులు.
తర్వాత బల్ల దగ్గరికి పిలిచి, గీసిన బొమ్మ చూసి,
"చేతి కుడి, తల్లీ. ఆకాశం కుడి కాదు" అంటూ
ఎర్ర పెన్నుతో తన బొమ్మ పక్కన వేసింది.
మార్కు మాత్రం కొట్టెయ్యలేదు,
అడిగింది ముఖం సంగతే కదా.

ఆ రాత్రి హాస్టల్లో పొయ్యి చల్లారాక
ఇద్దరు నొర్బులొచ్చి కంబళి మీద నిలబడ్డారు.
టీచరు నొర్బు ఇంటికి సూటిగా తూర్పున, అయిదు కిలోమీటర్లలో.
తన నొర్బు ఎక్కడో
నాలుగు ఉత్తరానికి, అయిదు పడమటికి,
ఇంటి పొగ కూడా కనపడని చోట.
తన తప్పు వల్ల పాపం.
మంచం కర్ర మీద పిన్నీసుతో గీకి చూసింది.
ఎన్నిసార్లు గీకినా వాడక్కడే.

శనివారం తాత గొంబోజవ్ మోటారుసైకిలు మీద వచ్చాడు.
దారి పొడుగునా అతని వీపుకి నోరానించి
లెక్కంతా అరిచి చెప్పింది.
గాలికి తల వంచుకున్న మనిషి విన్నాడో లేదో.
ఒకచోట బండి ఆపి, చేతితొడుగు తీసి,
కొత్త మంచు కింద వేళ్ళు పెట్టి తడిమాడు.
అడుగున గట్టిగా చారలు,
చలికాలమంతా వాయవ్యం గాలి దువ్విన చారలు.
"ఇటు" అని బండి తిప్పాడు.
పరీక్ష కాగితం మీది తొంభై డిగ్రీల మలుపు కాదది.
నలభయ్యో, యాభయ్యో,
మార్మట్ బొరియ ఎంత తప్పుకోమంటే అంత.
సోయొల్మా మలుపులు లెక్కపెడుతూ వచ్చి
పదకొండు దగ్గర వదిలేసింది.

ఇంట్లో పాలటీ ఊదుకుంటూ అప్పుడడిగాడు:
"టీచరు నొర్బుకి ఇల్లెటు?"
వీపు వెనక.
"నీ నొర్బుకి?"
తూర్పుకి అయిదు, దక్షిణానికి నాలుగు.
"మరి వాడి మొహం ఎటుందన్నావు?"

తాత ఇంకేం మాట్లాడలేదు.
ఉప్పు చాల్లేదని కప్పు మామ్మ వైపు జరిపాడు.

సోయొల్మా బయటికొచ్చి
గెర్ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి నిలబడింది.
వాయవ్యాన మంచు తప్ప ఏమీ లేదు.
చెవులు మొద్దుబారేదాకా
అటే చూస్తూ ఉంది.